తయారీ ఎవరిది?

ఆసుపత్రి నుంచి వెంగమ్మను ఊరివాళ్లు నేరుగా ఆత్మకూరు స్ప్రేయర్ల ఫ్యాక్టరీ గేటు ముందుకు తెచ్చారు. మర్రిపాడు దగ్గర మిరప చేలో కూలికి మందు కొడుతుంటే వీపు మీది బ్యాటరీ స్ప్రేయరు పేలింది. వీపు కాలింది. కుడిచెయ్యి ఇక పనికి రాదన్నారు డాక్టర్లు.

మేనేజరు రాజమోహన్ గేటు లోపలి నుంచే తేల్చేశాడు. బ్యాటరీ తమది కాదట, మోటారు తమది కాదట. "మేం తెచ్చి బిగించేవాళ్లమే. చేసిన కంపెనీ వేరే ఉంది. పోయి వాళ్లనడగండి."

అతని వెనకే నిలబడ్డ ప్రసన్నకుమారికి నేల మీద నుంచి చూపు లేవలేదు. బిగింపు పనిలో ముఠా పెద్ద ఆమె. పోయిన వేసవిలో అధికారులొస్తే, అన్నీ ఇక్కడే తయారవుతాయని రాజమోహన్ నేర్పినట్టు చిలకలా అప్పజెప్పింది. ఆ మాట మీదే కంపెనీకి ప్రభుత్వ భూమి దక్కింది. బ్యాటరీలు కాగుతున్నాయని ముఠాలోని అంకారావు మొత్తుకున్నప్పుడు, మనకెందుకు, బిగించమన్నదీ ఆమే.

మధ్యాహ్నం అన్నం వేళ కార్మికులు షెడ్డులో చేరారు. నోరెత్తితే గేటు మూసేస్తారనీ, ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చే తమకు మళ్లీ కూలే గతనీ కొందరన్నారు. వాళ్లలోంచి సుస్మిత లేచింది.

"భూమి కావాల్నంటే తయారీదారుడు. మనిషి కాలితే బిగించేవాడు. ఇదేం న్యాయం?"

"నేనే అబద్ధం చెప్పినాను," అంది ప్రసన్నకుమారి. "చెప్పించింది వాళ్లే. నోరు మాత్రం నాదే గదా."

ఎవరూ ఆమెను ఓదార్చలేదు. అంకారావు మాత్రం వెళ్లి మిషన్లు ఆపేశాడు.

విచారణకు అధికారి వచ్చేసరికి కార్మికులు వేరే కంపెనీల పేర్లున్న బ్యాటరీ పెట్టెలన్నీ ఆరుబయట పేర్చారు. అమ్మిన స్ప్రేయర్లన్నీ వెనక్కి తీసుకోవాలనీ, వెంగమ్మ బతుకు కంపెనీయే చూడాలనీ పట్టుబట్టారు. వేసవిలో ఎవరి ముందు అబద్ధమాడిందో ఆ అధికారి ముందే ప్రసన్నకుమారి నిజం చెప్పింది. రాజమోహన్ పోలీసులకు ఫోను చేశాడు. సరుకు పాడుచేసిందని నెపం పెట్టి వాళ్లు ప్రసన్నకుమారిని జీపు దగ్గరికి నడిపించారు.

దారిలో, ఇంకా గేటు దగ్గరే ఉన్న వెంగమ్మ ముందు ఆగి, తప్పయిపోయింది అక్కా అంది.

"ముందే చెప్పుంటే నా చెయ్యి ఉండేది గదా పాపా," అంది వెంగమ్మ. ఆ గొంతులో కోపం లేదు, క్షమా లేదు. "మా ఊళ్లల్లో ఇంకా ఉండాయి అయ్యి. రేపు పొద్దున్నే మళ్లా వీపుకు తగిలించుకుంటారు. ఆ సంగతి చూడండి."

సుస్మిత విన్నది. అంకారావు విన్నాడు. జీపు కదలకముందే కార్మికులు రెండు గుంపులై ఊళ్ల దారి పట్టారు.

మర్నాడు ప్రసన్నకుమారిని కోర్టుకు తీసుకెళ్లే జీపు ఫ్యాక్టరీ ముందు ఆగిపోయింది. రోడ్డు నిండా ట్రాక్టర్లు. మర్రిపాడు కూలీలూ ఉదయగిరి కార్మికులూ కలిసి స్ప్రేయర్లు దించుతున్నారు. అంకారావు ఒక్కొక్క బ్యాటరీ ఊడదీసి ఇసుకలో దూరదూరంగా పెడుతున్నాడు. ఎవరివివి, తీసేయమని ఎస్సై గద్దించాడు.

"చేసినోళ్లయి," అంది గేటుకు అడ్డంగా కూర్చున్న వెంగమ్మ. "వాళ్లొచ్చి మావేనని ఒప్పుకునేదాకా ఈడనే ఉంటాం."

లాఠీలు లేచాయి. జనం కూర్చున్నచోటే ఇంకా దగ్గరగా జరిగారు.