అరక్షణం ముందు

పాట పరిగెడుతోందని ఇందుమతి గారు అన్న రోజు నుంచీ మహీధర్‌కి ఖాదర్ మీదే అనుమానం. ఉగాది కార్యక్రమానికి మూడు వారాలుంది. ఐర్లండ్‌లో వాళ్లుండే టాలట్‌లోని ఓ హాల్లో ప్రతి శనివారం రిహార్సల్. పాడేది ఆవిడ, డ్రమ్స్ ఖాదర్, బేస్ గిటార్ మహీధర్.

"మీ ఇద్దరిలో ఎవరో తొందరపడుతున్నారు. చరణంలో నాకు ఊపిరి అందట్లేదు," అన్నారావిడ. ఖాదర్ తల దించుకుని కర్రలు తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేనని మహీధర్ అక్కడికక్కడే తీర్పు రాసేశాడు.

తనలో తప్పుండే వీల్లేదు మరి. చెర్రీవుడ్ ఆఫీసులో అతని ఉద్యోగమే ఆలస్యాన్ని వేటాడడం. సర్వర్ జవాబు రెప్పపాటు లేటైనా పట్టేస్తాడు. పైగా రోజూ పొద్దున్నే గంటసేపు, టిక్కు టిక్కుమని లయ కొట్టే మెట్రోనోమ్‌తో సాధన. ఎనిమిది టిక్కులు వినిపిస్తాయి, తర్వాతి ఎనిమిదీ వినిపించవు. ఆ నిశ్శబ్దంలో లెక్క మనసులో నడవాలి, టిక్కు తిరిగొచ్చేసరికి తీగ దానితో పాటే మోగాలి. మోగేది కూడా. కొత్త అపార్ట్‌మెంట్ గోడలు అప్పడాలంత పలచన. దసరా ముందు పక్కింటాయన తలుపు కింద చీటీ పెట్టిన దగ్గర్నుంచి, గిటార్‌ని ఫోన్‌కి కలిపి వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌లోనే వింటున్నాడు. చెవుల్లో అంతా అచ్చు గుద్దినట్టు కలిసేది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట మీలాంటివాళ్లే," అని నవ్వింది భార్య జయశ్రీ. ఆ పూట ఆమె ఇచ్చిన కాఫీ కూడా తాగలేదతను.

తర్వాతి శనివారం ఖాదర్ మీద ఓ కన్నేసి ఉంచాడు. చూస్తే ఏముంది, ఖాదర్ చూపు తన వేళ్ల మీంచి కదలట్లేదు! వాడే తప్పు చేస్తూ, నా మీదకి నెట్టడానికి సాక్ష్యం పోగేస్తున్నాడన్నమాట. రిహార్సల్ అయ్యాక కారు దగ్గర ఇందుమతి గారితో గుసగుసలు. మహీధర్ దగ్గరికెళ్లేసరికి వాన గురించి మాట్లాడుతున్నారు. ఐర్లండ్‌లో వాన గురించి గుసగుసలాడేవాళ్లని అతనింతవరకు చూడలేదు.

ఇంటికెళ్లి ఆవిడకి మెసేజ్ పెట్టాడు. "ఖాదర్ మంచోడేనండీ. చేతిలో నిలకడ లేదు. ఈసారికి డ్రమ్ మెషీన్ పెడదాం." ఈ దేశంలో దిగిన కొత్తలో మహీధర్‌ని నెల రోజులు తన గదిలో ఉంచుకున్న మనిషి ఖాదర్. పంపే ముందు రెండుసార్లు చదువుకున్నాడు. అయినా పంపాడు.

మళ్లీ శనివారానికి మెషీన్ బల్ల మీదుంది. ఖాదర్ ఓ కుర్చీలో కూర్చున్నాడు, కర్రలు బ్యాగులోనే ఉన్నాయి. పల్లవి సగమైనా కాలేదు, ప్రతి దెబ్బకీ అరక్షణం ముందే మహీధర్ తీగ మోగిపోతోంది. ఇందుమతి గారు పాట ఆపేశారు.

"మెషీన్‌లో ఏదో తేడా ఉంది," అన్నాడు మహీధర్.

"మిషన్‌కు నువ్వెవరో తెల్వదు అన్నా," అన్నాడు ఖాదర్. "నాకు తెల్సు. దసరా సంది నువ్వు ముందుముందు పడుతున్నవ్. నీ వేళ్లు చూసుకుంట నేను గూడ నీ ఎంబడే ఉరికిన. పాట ఉరికింది గని, నీ తప్పు ఎవ్వలకు దొరకలె. మొన్న కారు కాడ అక్కకు నాదే తప్పని చెప్పిన."

దసరా. మహీధర్ చెయ్యి జేబులోని ఇయర్‌ఫోన్స్‌కి తగిలింది. వైర్ లేకపోతే తీగ శబ్దం చెవికి రెప్పపాటు లేటుగా చేరుతుంది. దాన్ని పూడ్చుకోడానికి వేళ్లు ఆర్నెల్లుగా ముందే మీటడం నేర్చుకున్నాయి. ఆలస్యాన్ని వేటాడేవాడి చెవుల్లోనే అది కాపురం పెట్టింది. అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఆ మెసేజ్..." అన్నాడు.

"అక్క చూపెట్టింది."

"వచ్చి డ్రమ్స్ దగ్గర కూర్చో ఖాదర్. నీకు దణ్ణం పెడతాను."

ఖాదర్ లేచి, మెషీన్ ఆపి, కర్రలు తీశాడు.

"కూసుంట. గని ఇగ నీ వేళ్లు చూడ."

ఈసారి 'అన్నా' అని పిలవలేదు. కళ్లు మూసుకుని ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టాడు.