అర్జెంటు కాని నొప్పి

బిందె ఎత్తే ముందు తిరుపతమ్మ ఊపిరి బిగబడుతుంది. ఎడమచేత్తో పొత్తికడుపు కింద అదిమిపట్టి, కుడిచేత్తో బిందెను మోకాలి మీదికి, అక్కణ్ణుంచి నడుము మీదికి జరుపుకుంటుంది. రెండో కాన్పు పచ్చి ఆరకముందే నాట్లకు వంగినప్పుడు జారిన గర్భసంచి అది. గుడ్డ ఎంత బిగించి కట్టినా సాయంత్రానికి బయటికి వస్తుంది. నడిస్తే ఒరుసుకుంటుంది. కూర్చుంటే మండుతుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అత్త గంపలో ఇప్పపువ్వు ఎండబోస్తూ, "ఆడదానికి ఏదో ఒకటి ఉంటది పిల్లా" అంది. అంతే.

అదే మొగుడు రాఘవులుకి పేగు గజ్జల్లోకి జారినప్పుడు ఇల్లంతా కదిలింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. మూడు నెలలు బరువు ఎత్తొద్దని డాక్టర్ చెప్పిన మాటను అత్త గడపకు కట్టినట్టు కాపాడింది. "వాని చేతికి చెంబు గూడ ఇయ్యకు, కుట్లు ఊడతయ్" అనేది. ఆ నెలల్లో వడ్ల మోపులు, కట్టెలు, ఆయన స్నానం నీళ్లు, అన్నీ తిరుపతమ్మ నడుము మీదే నడిచాయి. మూడు నెలలు దాటినా ఆ మాట మాత్రం ఇంట్లోంచి పోలేదు. కుట్లు విప్పించడానికి ఆయన వెంట వెళ్లిన రోజే, ఆయన చాయ్ తాగడానికి బయటికి పోయినప్పుడు, లేడీ డాక్టర్ గదిలోకి ఒక్కతే దూరింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు, ఇప్పపువ్వు ఏరడం అయిపోయాక రమ్మని డేటు ఇచ్చారు.

పువ్వు అయిపోయేసరికి కరోనా వచ్చింది. మిర్చి కోతలకు పోయినవాళ్లు అడవి దారిన నడిచి తిరిగొచ్చారు, సంతలు మూశారు. ఆమె మాత్రం ఎలాగో ఆసుపత్రి గేటు దాకా పోయింది. ఆపరేషన్ వార్డులో ఇప్పుడు ఊపిరాడనివాళ్లున్నారు, డాక్టర్లు నర్సులు అందరూ వాళ్ల దగ్గరే, అర్జెంటువి తప్ప ఏ ఆపరేషనూ లేదు, మేమే ఫోన్ చేస్తాం అన్నారు. ఆమెకు కోపం రాలేదు. ఊపిరాడనివాళ్ల ముందు నాదెంత అనుకుంది. తన మంచం ఎవరికో ఇచ్చి వచ్చినట్టే తిరిగొచ్చింది. తర్వాత ఎప్పుడైనా ఆపరేషన్ మాట ఎత్తితే రాఘవులుది ఒకటే జవాబు: "సచ్చే రోగమైతే వాళ్లే పిలుస్తరు గదనే." ఆమె కూడా అదే నమ్మి ఏడాది మోసింది. పిలవలేదంటే తనది చచ్చే రోగం కాదన్నమాట.

మళ్లీ పువ్వు రాలుతోంది. ఆ పొద్దున బోరింగు దగ్గరికి మితానిన్ భీమే వచ్చింది. ఊరికి మందుబిళ్లలు పంచేది, కాన్పులకు వెంట పోయేది ఆమే.

"అక్కా, ఆపరేషన్ ఎందుకు వద్దన్నవ్?"

"నేనా? వద్దని ఎవరు జెప్పిన్రు?"

"ఆపరేషన్లు మళ్లా మొదలైనయ్ గదా. ఆస్పత్రి సిస్టర్ రెండుసార్లు మీ ఇంటికి ఫోన్ జేసిందంట. కోతలప్పుడొకసారి, మొన్న మిర్చికి పోయేటప్పుడొకసారి. బావనే ఎత్తిండంట. మా ఇంట్ల అర్జెంటు లేదు, వేరేటోళ్లకియ్యిరి అన్నడంట."

తిరుపతమ్మ బోరింగు కొట్టడం ఆపలేదు. బిందె నిండి పొర్లింది.

"కేసులు మళ్లా పెరుగుతున్నయంట. వార్డు మళ్లా మూస్తరేమో. సోమవారం వస్తవా రావా ఇయ్యాలనే జెప్పమంది సిస్టర్."

ఏడాదిగా తను మంచం ఇచ్చింది ఊపిరాడనివాళ్లకే అనుకుంది. కోతల నుంచి అది వడ్ల మోపులకూ, స్నానం నీళ్లకూ పోయింది. ఇచ్చింది తను కూడా కాదు.

"చెయ్యి ఫోను" అంది.

అవతల సిస్టర్ హిందీలో అడిగింది: బాధ ఎక్కువుందా, అర్జెంటేనా? తిరుపతమ్మకు అలవాటైన జవాబు నాలుక దాకా వచ్చింది. పర్వాలేదు, ఓర్చుకుంటా. దాన్ని మింగేసింది.

"హా దీదీ. అర్జెంట్ హై."

భీమేను వెంటబెట్టుకుని ఇంటికి ఉత్త చేతులతో వచ్చింది. రాఘవులు మంచం మీద బీడీ ముట్టించుకుంటున్నాడు.

"నీళ్లేవే?"

"బోరింగు కాడ నిండుగున్నయ్. సోమవారం నేను ఆస్పత్రికి పోతున్న. భీమే వస్తది తోడు."

"పువ్వు రాలేటప్పుడా? మన చెట్ల కింద ఎవరేరాలె?"

"మన చెట్ల కింది పువ్వు ఊళ్లె ఎవ్వరు ముట్టరు. నీకే ఉంటది. వంగి ఏరుకో."

ఆయన భీమే వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఫోన్ల సంగతి తెలిసిపోయిందని అర్థమైంది. అత్త గంప పక్కన పెట్టి లేచింది.

"వానికి కుట్లున్నయ్ పిల్లా. బిందెలు, గంపలు ఎట్లెత్తుతడు?"

తిరుపతమ్మ దండెం మీంచి ఉతికిన చీర తీసి, నిదానంగా మడత పెట్టి సంచిలో పెట్టుకుంది.

"ఆయన కుట్లు ఎప్పుడో మానినయత్తా. ఇగ నాయి పడాలె."