మూతలు మారిన మూడో రీలు

“రీళ్లు మారిపోయాయమ్మా” అని ఆపరేటర్ బాబాయి అన్నది మేనేజరమ్మ చెవిలో. పడింది మాత్రం పక్కనున్న కత్తెర మావయ్య చెవిలో, అదీ సగమే.

“నీళ్లు మారిపోయాయట!” అని ఆయన కేకేశాడు. నలభై ఏళ్లుగా ఊరందరి చెవుల చుట్టూ కత్తెర తిప్పిన మనిషి, తన చెవుల్ని మాత్రం గాలికొదిలేశాడు.

హాలు వరండాలో కూలర్ దగ్గరున్నవాళ్లు గభాలున గ్లాసులు దించేశారు. ఒక లావుపాటాయన నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక, బుగ్గలు పూరించి అలాగే నిలబడిపోయాడు.

జనం అసలే వేడిమీద ఉన్నారు. అప్పుడే మ్యాట్నీ వదిలారు. ముప్పై ఏళ్ల కిందట ఇదే హాల్లో నాలుగు వారాలు ఆడిన సినిమాను మేనేజరమ్మ మళ్లీ తెప్పించింది. ఈసారి రీలు డబ్బాల్లో కాదు, అరచేతిలో పట్టే పెట్టెలో వచ్చింది. లోకమంతా ఎండిపోయాక ఒక్క నీళ్ల ట్యాంకర్ కోసం కొట్టుకుచచ్చే కథకు రెండో భాగం అది. ప్రళయం ఉంది, ప్రణయం లేదు. అయినా ఊరికది కంఠతా వచ్చు.

గోడకు తెల్లకాగితం అంటించి అభిప్రాయాలు రాయమంటే ఎగబడి రాశారు. “మొదటి భాగం కంటే ఇదే మేలు. మాటలు తక్కువ, మోతలు ఎక్కువ.” “ఆ ఎడారి దుమ్ము ఇంకా నా కళ్లలోనే ఉంది.” వాటి కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, “చచ్చిన మెకానిక్ తాత తిరిగొచ్చే సీను ఎవరు కోసేశారు?” దానికి పద్దెనిమిది సంతకాలు.

హాలు చేతికొచ్చాక మేనేజరమ్మ వేసిన తొలి పాత సినిమా ఇది. “నేనేం కోయలేదు బాబాయ్. వచ్చింది వచ్చినట్టే వేశాను. ఒక్కరూ నమ్మట్లేదు. ఇంక పాత సినిమాల జోలికి పోను” అంది కళ్లనీళ్లు ఆపుకుంటూ. అన్నకూతురి మొహం చూశాకే ఆయన నోరు విప్పింది, అదీ గుసగుసగా.

ఇప్పుడు గుసగుసలు చాలవు. బాబాయి బల్లెక్కాడు. బాబాయి వేస్తే బొమ్మే వేరు అని ముప్పై ఏళ్లుగా ఊరు మెచ్చుకుంటూనే ఉంది. నిజంగానే వేరని ఆయనకొక్కడికే తెలుసు.

“నీళ్లు కాదు బావా, రీళ్లు!”

“రీళ్లకేమొచ్చింది?” అన్నాడు కత్తెర మావయ్య, చెయ్యి చెవికి ఆనించి.

“అప్పట్లో డబ్బాల మూతలే నాకు పళ్లేలు. టీ గ్లాసులు వాటిమీదే పెట్టుకునేవాణ్ణి. నంబర్లేమో మూతలమీదే ఉండేవి. మూడో మూత తీసుకెళ్లి నాలుగో డబ్బాకి పెట్టేశాను. నాలుగో రీలు ముందు పడింది, ట్యాంకర్ పేలి తాత పోయాడు. ఆ తర్వాత మూడోది పడింది. అందులో తాత కూనిరాగం తీస్తూ చక్రం బిగిస్తున్నాడు.”

“మరి ఆఖరి రీల్లో కనబడడేం?”

“ట్యాంకర్ కింద దూరి రిపేరు చేస్తున్నాడని మీరే అనుకున్నారుగా!”

కొందరు నవ్వారు. బాబాయి నవ్వలేదు.

“మొదటి ఆట పొరపాటు. ఆ తర్వాత నాలుగు వారాలూ ఆడినవన్నీ కావాలనే అలా వేశాను. తాత లేచొచ్చినప్పుడు మీరేసిన ఈలలు విన్నాక సరిచేయడానికి చేతులు రాలేదు. తప్పు నాది. పిల్లనేమీ అనకండి.”

టైలరమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“ఆ పెద్దక్షరాలు నావే అన్నయ్యా. నా కొట్టు తగలబడిన నెలకి చూశానా బొమ్మ. మిషన్లు రెండూ బూడిదే. ఇంక కుట్టేది లేదని ఇంట్లో ముడుచుకు కూర్చున్నదాన్ని. మంటల్లో పోయిన ముసలాడు మళ్లీ స్పానర్ పట్టుకుంటే నాకేం రోగం అనుకున్నా. మర్నాడే మా వదిన మిషన్ ముందు కూర్చున్నా. ఇవాళ తాత రాకపోయేసరికి కడుపు మండిపోయింది.” ఆమె బల్లమీదున్న బాబాయి వైపు తలెత్తింది. “అయితే ఆయన్ని లేపింది నువ్వన్నమాట.”

“టీ గ్లాసమ్మా” అన్నాడు బాబాయి, తల దించుకుని.

“గ్లాసుకి దణ్ణం పెట్టలేనుగా, నీకే పెడతా.”

ఆమె కలం తీసుకుని తన ప్రశ్న కొట్టేసి కింద రాసింది. “ఎవరూ కోయలేదు. మా ఆపరేటరన్నయ్య కుట్టాడు. ఆయన చల్లగా ఉండాలి.” పద్దెనిమిది మందీ మళ్లీ వరసకట్టి సంతకాలు చేశారు. ఈసారి పంతొమ్మిదోది మేనేజరమ్మది. “వచ్చే ఆదివారం రెండు ఆటలు. ఒకటి వాళ్లు తీసినట్టు, ఒకటి మా బాబాయి వేసినట్టు!” అంది ముక్కు తుడుచుకుంటూ.

బాబాయిని చేతులు పట్టి బల్లమీంచి దించారు. కత్తెర మావయ్య మాత్రం ఇంకా తేలని వ్యవహారం ఒకటుందన్నట్టు కూలర్ కేసి చూశాడు.

“ఇంతకీ, నీళ్లు మంచివేనా?”

“మంచివే బావా! మారింది రీళ్లు, అదీ ముప్పై ఏళ్ల కిందట!” అని బాబాయి వరండా అంతా వినబడేలా అరిచాడు.

లావుపాటాయన గుటుక్కున మింగాడు.