పందికి పెట్టిన మొహం

అడగందే అమ్మయినా పెట్టదు, అరవందే సరుకూ అమ్ముడుపోదు. ఇది బావ లెక్క. బావమరిది మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని వీడియో గేమ్ తయారుచేశాడు: కసాయివాడొకడు రాక్షసపందుల్ని నరుక్కుంటూ పోయే ఆట. దాన్ని అమ్మిపెట్టే పని బావది. విడుదలై నెల దాటినా కొన్నది నాలుగు వందల మందే.

ఆటలు ఆడుతూ లైవ్‌లో అరిచేవాడొకడున్నాడు. జనం వాణ్ణి రంకె అంటారు. వాడు ఏది ఆడితే అది లక్షలమంది చూస్తారు. బావ వాడికి ఆటను ఉచితంగా పంపాడు. పంపేముందు మొదటి పందికి రంకె మొహం పెట్టించాడు.

"వాడికి మండుతుంది బావా."

"మండనీ. చూసినవాడు నవ్వుతాడు, నవ్వినవాడు పక్కవాడికి చూపిస్తాడు. ప్రకటనకు పైసా ఖర్చుండదు."

ఆటలో రంకె తన మొహాన్ని తనే రెండుగా నరుక్కున్న వీడియో ముక్క రెండు రోజుల్లో ప్రతి ఫోనులోనూ తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం వాడు ఇనపరాడ్డుతో ఆఫీసులోకి వచ్చాడు. చొక్కా జేబులో కెమెరా పైకి కనబడేలా ఫోను, లైవ్ నడుస్తూనే ఉంది.

"ఈ ఆట చేసిందెవడ్రా?"

"నేనే," అంటూ లేచాడు బావమరిది. మొహం పెట్టించింది ఎవరో చెప్పలేదు.

మొదటి దెబ్బకు కుడి మణికట్టు పుటుక్కుమంది. రెండోది భుజం మీద పడింది. బావ ఎదుట తెరమీద ఆర్డర్ల అంకె గిర్రున ఎక్కుతోంది. మూడో దెబ్బ పడేదాకా దాన్నే చూశాడు. అప్పుడు ఇనపకుర్చీ ఎత్తి రంకె నెత్తిన వేశాడు. వాడు వెల్లకిలా పడ్డాక మూతిమీద వేశాడు. పళ్ళు నేలమీద దొర్లాయి. స్పృహ తప్పాక ఇంకోటి వేశాడు. జేబులోని ఫోను అంతా చూపిస్తూనే ఉంది.

"చాలు బావా. చచ్చిపోతాడు."

బావ కుర్చీ దించి తెరవైపు తిరిగాడు. "చూడరా, యాభై వేలు దాటింది. నీ కష్టం గట్టెక్కింది."

"వాళ్ళు కొన్నది నా ఆటని కాదు, నీ కొట్టుడుని. ఆటని తీసేస్తున్నా."

విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, బావమరిది ఎడంచేత్తో మౌసు అందుకున్నాడు. ఆటను అమ్మకం నుంచి తీసేయాలంటే రెండు నొక్కులు. ఒకటి నొక్కేశాడు.

"సాయంత్రం దాకా ఆగు. మీ అక్కమీద ఒట్టు, నేనే తీసేస్తా."

"అక్కని మధ్యలోకి తేకు."

ఇక బేరం లేదని బావకు అర్థమైంది. ఎడంచెయ్యి అవతల ఉంది, అందదు. అందిన చేతినే పట్టుకున్నాడు. విరిగిన ఎముక గుప్పిట్లో కరకరలాడింది. బావమరిది అరుస్తూ మోకాళ్ళమీద కూలాడు. మౌసు తీగకు వేలాడింది. అయినా బావ పట్టు వదల్లేదు. అంకె ఇంకా ఎక్కుతోంది.