ఎరుపంతా మాదే

సంగటి కెలుకుతుంటే మా అత్త సుబ్బలక్ష్మమ్మ గడప మీద కూర్చుని అంది, "బొమ్మలకు రంగులేసే దానికి పొద్దున్నే బస్సెక్కి హిందూపురం పోవల్నా?" పెళ్ళయినప్పటి నుంచీ ఇదే మాట. ఉపగ్రహం తీసిన చిత్రాలు చూసి, ఏ ఊళ్ళో ఎంత కరువుందో పటాలు తయారుచేసే సంస్థలో నా ఉద్యోగం. ఆమె దృష్టిలో అది బడిపిల్లల ఆట. ఇంటికొచ్చి చేసే వంట, గిన్నెలు, గొడ్ల పని అయితే ఎవరి లెక్కలోనూ లేవు.

అవన్నీ ఎలాగో మింగాను. మింగలేనిది ఈ వేసవిలో జరిగింది. మా అమ్మ చేనుకూ నా భర్త రాఘవేంద్ర చీనీ బత్తాయి తోటకూ మధ్య ఒక్క గట్టే. ఈయన బోరు మీద బోరు వేయించాడు, అమ్మ బావి ఎండిపోయింది. తాగే నీళ్ళ కోసం అమ్మ బిందె చంకన పెట్టుకుని వస్తే, అత్త వాకిట్లోనే ఆపేసింది. "అల్లుని ఇంటికి బిందె పట్టుకోని వస్తారా యాడన్నా? సిగ్గుండల్ల." అమ్మ ఖాళీ బిందెతో తిరిగి వెళ్ళిపోయింది. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయిపోయాక, వీళ్ళను ఊరికే వదలకూడదని అనుకున్నాను.

అంతలో మా ఊరికి ఊటకుంట మంజూరయింది. వాన నీళ్ళను నిలబెట్టి చుట్టుపక్కల బావుల్లో ఊట పెంచే కుంట అది. ఊరికి ఒక్కటే. కరువు ఎక్కువున్న వైపు తవ్వుతారు, అది చిలమత్తూరు మండల మీటింగులో పటం చూసి తేలుస్తారు. అమ్మ చేను వైపు తవ్వితే ఆమె బావి బతుకుతుంది. రాఘవేంద్రకు మాత్రం అది తన తోటకు అవతలి పక్కన, తన బోర్ల దగ్గరే కావాలి.

మీటింగు కోసం నేను తయారుచేసి ఇంటికి తెచ్చిన పటాన్ని ఆయన మంచం మీద పరిచి చూశాడు. ఊరంతా బూడిద రంగు, మా తోట ఒక్కటే ఎర్రగా ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూడు, మన తోట ఎట్ల కాలిపోతాండాదో. ఊర్లో మనదే పెద్ద కరువు."

"అది కాదు, ఆ ఎరుపంటే..." అని మొదలుపెట్టాను.

"పటం చూసేది నువ్వు నాకు నేర్పిస్తావా? ఆడ సంగటి మాడిపోతాండాది, పో."

పోయాను. వెనకనుంచి కేకేశాడు, "ఆ కింద రంగుల గళ్ళు, ఇంగ్లీషు అంతా తీసేయ్. ఎరుపు పెద్దగా కనపడల్ల." ఏ రంగుకు ఏం అర్థమో చెప్పేవి ఆ గళ్ళే. చెప్పిన మాట వినే పెళ్ళాన్ని కదా, తీసేశాను. గోడంత పెద్దగా అచ్చు వేయించాను. ఇన్నేళ్ళలో ఏ పనీ అంత ఇష్టంగా చేయలేదు.

మీటింగులో ఆఫీసరు పటం ముందు నిలబడి అడిగాడు, "ఈ ఎర్రగా ఉన్నదంతా ఎవరిది?"

రాఘవేంద్ర లేచాడు. "మాదే సార్. ఎరుపంతా మాదే. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా." ఊరందరి ముందూ వేలు పెట్టి హద్దులు చూపించాడు. నేను ఆయన్ని పూర్తిగా చెప్పనిచ్చాను.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "పటం చేసింది మీరే కదమ్మా, వివరం చెప్పండి."

"నా పెండ్లామే సార్, ఆమెకేం తెలుసు. నన్నడగండి," అన్నాడు రాఘవేంద్ర.

నేను పటం దగ్గరికి నడిచాను. "బతికున్న పచ్చని ఆకు ఈ పటంలో ఎర్రగా పడుతుంది సార్. ఎండిన నేల బూడిద రంగు. ఎరుపంతా ఎవరిదో ఆయనే చెప్పినాడు. బూడిదలో ఈ మూల ఉండేది మా అమ్మ చేను. ఆడ తాగేదానికి కూడా నీళ్ళు లేవు."

వెనక వరసలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. కుంట అమ్మ చేను వైపు ఖాయమైంది. తోటలో ఇక కొత్త బోరు వేయడానికి వీల్లేదని కూడా ఆఫీసరు చెప్పాడు.

బయట వేపచెట్టు కింద రాఘవేంద్ర నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ముందే ఎందుకు చెప్పల్యా?"

జనం ఇంకా మెట్లు దిగుతున్నారు. వాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను.

"సంగటి మాడిపోతాండె కదా."