అరపేజీలో చోటు

కాలనీ పత్రికలో సభ సారాంశానికి అరపేజీ ఇస్తారు. నెలనెలా రెండు గంటల వాగుడిని ఆ అరపేజీలోకి కుక్కే పని రిటైరైన టీచరమ్మది. పిల్లల వ్యాసాలు దిద్దిన చెయ్యి కదా, అడ్డంగా కొట్టెయ్యడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. మాట్లాడినవాళ్ళకు మనిషికో వాక్యం. చోటు చాలకపోతే సోది ఎక్కువ చెప్పినవాళ్ళను ఎత్తెయ్యడమే.

పోయిన నెల అలా టైలర్ని ఎత్తేసింది. మురుగుకాలువ మూత గురించి పాపం అరగంట మొత్తుకున్నాడు.

పత్రిక వచ్చిన మర్నాడు జాకెట్టు తెచ్చుకుందామని వెళ్తే అతని కొట్టు షట్టరు తుప్పు పట్టి ఉంది.

"ఇక్కడ టైలరేంటి టీచరమ్మా? ఈ కొట్టు ఏళ్ళ తరబడి ఖాళీయేగా," అన్నాడు పక్కనున్న మందుల షాపతను. మొన్నటిదాకా టైలరుతో కలిసి టీ తాగినవాడే. ఆవిడకు అప్పుడు తట్టింది. తను కొట్టేసిన మనిషిని కాలనీ మొత్తం కొట్టేసిందన్నమాట.

ఈ నెల సభకు టైలరు వచ్చాడు. "సభ్యులు కానివాళ్ళు బయట కూర్చోవాలండీ," అన్నాడు కార్యదర్శి, కొత్తవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా. సభ అయ్యేదాకా మెట్ల మీదే కూర్చుని, ఆవిడ బయటికి రాగానే ఎదురొచ్చాడు. "నువ్వేనా టైలరూ!" అందావిడ.

"మీరొక్కరే నన్ను గుర్తుపట్టారమ్మా. మా ఇంట్లో గుమ్మం ఎక్కనివ్వట్లేదు. ఒక్క ముక్క రాయండి, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ సరేనని తల ఊపింది.

చిక్కేమిటంటే, ఆ రోజే వాళ్ళాయన కూడా లేచి మాట్లాడాడు. నలభై ఏళ్ళ కాపురంలో నలుగురిలో నోరు విప్పి ఎరగని మనిషి, గొంతు వణుకుతుంటే, పార్కులో బెంచీలు వెయ్యమని అడిగాడు. దారి పొడుగునా "బాగానే మాట్లాడానా? పత్రికలో వేస్తావుగా?" అని ప్రాణం తీశాడు.

మర్నాడు ప్రెస్సులో కూర్చుని అందరినీ ఇరికించింది. టైలర్ని, ఆయన్ని కూడా. తీరా చూస్తే ఒక వరుస ఎక్కువైంది.

"ఒక్క లైను తీసెయ్యండి మేడమ్, మీకోసమే మిషను ఆపి ఉంచాం," అన్నాడు ప్రెస్సతను.

తీర్మానాలు కదిలించడానికి లేదు. ఎవరి వాక్యం మీద పెన్ను పెట్టినా మళ్ళీ వెనక్కి తీసుకుంది. చివరికి అట్టడుగు వరుస కనిపించింది: సారాంశం రాసినది ఫలానా అంటూ తన పేరు. రాసేవాళ్ళకేమవుతుందిలే అనుకుంది. అనుకుందే గానీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా కొట్టేసింది.

పత్రికలు పంచేసరికి సాయంత్రమైంది. టైలరు కొట్టు తెరిచి ఉంది. ప్రాణం లేచొచ్చి గబగబా వెళ్ళింది.

"రండమ్మా, జాకెట్టుకా? కాలనీకి కొత్తగా వచ్చారా?" అన్నాడు టైలరు, టేపు తీస్తూ.

ఆవిడ ఇంటికి పరుగు తీసింది. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని పత్రిక చదువుతున్నాడు. తల ఎత్తాడు.

"ఎవరు కావాలమ్మా?"

ఏడుపు తన్నుకొచ్చింది. దిగమింగుకుంది. "నిన్న సభలో... చాలా బాగా మాట్లాడారండీ," అంది.

ఆయన మొహం విప్పారింది. "మీరు విన్నారా? ఇదిగో, ఇందులో కూడా వేశారు. ఎవరు రాశారో గానీ ఒక్క ముక్క పోనివ్వలేదు. ఒంటిగాణ్ణి కదా, చూపించుకుందామంటే ఇంట్లో మనిషి లేరు. కాసేపు కూర్చోండి, చదివి వినిపిస్తాను."

ఆవిడ మెట్టు మీద కూర్చుంది.