పద్నాలుగు కిలోల తరుగు

నేను ఒక కాటాని. పేరు విని కాటేస్తానని భయపడకండి. లారీలూ ట్రాక్టర్లూ నా మీదికెక్కి తొక్కడమే తప్ప, నేను ఎవరి మీదా పడిన పాపాన పోలేదు. గోతిలో కూర్చున్న ఇనప ఒళ్ళు, పక్కగది కిటికీలో ఎర్రటి అంకెలు వెలిగే డబ్బా: ఇదే నా సంసారం. పుట్టగానే నన్నొక చక్కెర మిల్లుకి అప్పజెప్పారు. పదకొండేళ్ళు చెరుకు మోశాను. తీపి ఊరందరిదీ, పిప్పి నాదీ. అది మూతపడ్డాక మండపేట దగ్గర చిట్టబ్బాయి గారు తన రైసు మిల్లుకోసం నన్ను వేలంలో పాడుకున్నారు. పాట ఆయనది, పాట్లు నావి.

ఓ శనివారం చిట్టబ్బాయి గారు ఇంటినుంచి ఫోన్ చేసి, "పేర్రాజూ, రేపు రేసు కార్లొస్తాయి. ఒక్కోదాన్నీ తూచి చీటీ రాయి" అన్నారు. పేర్రాజు నా గుమస్తా. మిల్లు మరల హోరులో అతని చెవిన పడింది "రైసు కార్లు" అని.

"ఆయ్, అలాగేనండి" అని ఫోన్ పెట్టేసి, "బియ్యం కార్లలో తోలుతున్నార్రా, లారీలకేం రోగమో!" అన్నాడు హమాలీలతో.

మర్నాడు మొదటి కారు నా మీదికెక్కగానే, బస్తాలు గుచ్చి చూసే ఇనప గొట్టం పట్టుకుని వెళ్ళి డిక్కీ తెరవమన్నాడు.

"ఏవయ్యా, బాంబులు వెతుకుతున్నావా?" అన్నాడు లోపలున్న పళ్ళ డాక్టరు.

"కాదండి, బియ్యం."

క్లబ్బు కార్యదర్శి జోగారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రైసు కాదయ్యా బాబూ, రేసు! పోటీ!"

సంగతేమిటంటే, సొంత కార్లతో సరదాకి పోటీపడే క్లబ్బు వాళ్ళది. డ్రయ్యర్ వచ్చాక ఖాళీ పడ్డ మా ధాన్యం కళ్ళంలో టైర్లు పేర్చి మలుపులు కట్టారు. ఒక్కొక్కరే తిరిగి రావాలి, ఎవరికి తక్కువ సెకన్లు పడితే వాళ్ళదే గెలుపు. తరగతులు రెండు, కప్పులు రెండు. రెండూ చిట్టబ్బాయి గారు ఇచ్చినవే. చిన్న ఇంజన్లది చిన్న తరగతి. అయితే మనిషితో కలిపి ఏడువందల కిలోలకు తగ్గితే ఆ బండి తేలిక కాబట్టి మరీ జోరుగా పోతుందని పెద్ద తరగతిలోకి తోసేస్తారు. బళ్ళో పిల్లల్ని బరువు చూసి పై తరగతికి పంపినట్టు!

అలా ఆరేళ్ళుగా పై తరగతిలో తప్పుతున్న పంతులమ్మ ఒకావిడుంది. పేరు మంగతాయారు. రావులపాలెంలో డ్రైవింగు స్కూలు. సగం ఊరికి క్లచ్చు తొక్కడం నేర్పింది. కారు పాతది, బక్కది. ఆవిడా అంతే. ఇద్దరూ కలిసినా ఏడువందలు తూగరు. ఈ వేసవితో ఆ కారుకి కాలం చెల్లుతుంది, తర్వాత తుక్కే. అది పోయేలోగా ఒక్క కప్పు దాని ముందు పెట్టాలని ఆవిడ పంతం. అందుకే జోగారావు అనుమతి తీసుకుని సీటు కింద ఇనప పలక బిగించింది, బయట తూచి మరీ తెచ్చింది.

ఆవిడ బండి ఎక్కింది. నేను నిజాయితీగా 710 చూపించాను. పేర్రాజు చూశాడు. చూసి, 696 అని రాశాడు.

నేనేం చేయను? నాకు చూపించడమే వచ్చు, చెప్పడం రాదు. చీటీలన్నీ తిన్నగా జోగారావు చేతికి పోయాయి. ఆయన జాబితా చదివేసరికి ఇంజన్లు మోగుతున్నాయి.

"మంగతాయారు గారు, పెద్ద తరగతి!"

"అదేంటండీ, తూచుకునే వచ్చాను కదా!"

"చీటీలో ఎంతుంటే అంతేనమ్మా. కానివ్వండి, ఎండెక్కుతోంది."

ఆవిడ అరవయ్యొక్క సెకన్లలో తిరిగొచ్చింది. పెద్ద తరగతిలో అయిదో స్థానం. చిన్న తరగతిలో మొదటొచ్చిన పళ్ళ డాక్టరుకి పట్టింది అరవై నాలుగు.

కప్పులిచ్చే ముందు ఆవిడ కారు తెచ్చి మళ్ళీ నా మీద నిలబెట్టింది. 710. జోగారావు నా అంకె చూశాడు, చీటీ చూశాడు, పేర్రాజును చూశాడు.

"తరుగండి" అన్నాడు పేర్రాజు, అదేదో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతైనట్టు.

"కారుకి తరుగేంటయ్యా!"

"క్వింటాకి రెండు కిలోలండి. ఏడుకి పద్నాలుగు. అందరివీ తీశానండి, నాకు పక్షపాతం లేదు."

నిజమే. పదకొండు కార్లకీ ఒకటే తరుగు. మిగతా పదీ గీతకు బాగా పైనున్నాయి కాబట్టి వాటికి చీమ కుట్టలేదు. గీత మీదున్నది మాత్రం తెగిపడింది. సమానమంటే ఏమిటో నాకు ఆ రోజే బోధపడింది.

జోగారావు కలం తీసి చీటీ దిద్దబోయాడు. మంగతాయారు మొహంలో ఆరేళ్ళ ఎండ ఒక్కసారి చల్లబడింది. అప్పుడే, పొద్దుట్నించీ ఈ కార్ల మూలంగా ధాన్యం ట్రాక్టరుతో వరసలో ఆగిన ఏసుపాదం గొంతెత్తాడు.

"ఆయమ్మ పద్నాలుగు కిలోలూ తిరిగిస్తున్నారు, మంచిదండి. మరి మాయి కూడా దిద్దుతారాండి?"

వెనక పద్నాలుగు ట్రాక్టర్లున్నాయి. కప్పులివ్వడానికొచ్చిన చిట్టబ్బాయి గారు వాటిని చూశారు, జోగారావు చేతిలో కలాన్ని చూశారు. "మా మిల్లులో చీటీ రాశాక దిద్దడం లేదండి" అన్నారు మెత్తగా. కళ్ళం ఆయనది, కప్పులు ఆయనవి. జోగారావు కలానికి మూత పెట్టేశాడు.

ఏసుపాదం తలగుడ్డ విప్పాడు. "నా నోరు కాల! నేను ఊరుకుంటే నీకు దక్కేదమ్మా."

"నువ్వడిగింది న్యాయమే బాబాయ్" అంది మంగతాయారు. "నాదీ న్యాయమే. ఏం చేస్తాం, రెండూ ఒకే కాటా ఎక్కాయి."

కప్పు పళ్ళ డాక్టరుకిచ్చారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన పళ్ళు కనబడకుండా తీసుకున్నాడు. గుసగుసలు ఆపడానికి జోగారావు మైకు పేర్రాజు నోటి దగ్గర పెట్టి, జరిగిందేమిటో అందరికీ చెప్పమన్నాడు.

"ఏం లేదండి" అన్నాడు పేర్రాజు. మిల్లంతా మోగింది. "తేమకీ, మట్టికీ, తాలుకీ అని తీస్తామండి. కార్లలో తాలు లేదని నాకూ తెలుసండి. కానీ ముప్ఫయ్యేళ్ళుగా కాటా ఎక్కిందల్లా కోసే రాస్తున్నానండి. కంటికి కనబడిన అంకె కనబడినట్టు రాయడం నా చేతికి తెలీదండి."

అందరికీ అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

మంగతాయారు కారు దించింది. ఏసుపాదం ట్రాక్టరు ఎక్కించాడు. నేను 5,200 చూపించాను. కార్లవాళ్ళూ, రైతులూ, మైకు పట్టుకున్న జోగారావూ అందరూ కిటికీకి అడ్డంపడి పేర్రాజు చేతివంకే చూస్తున్నారు. అతను యజమానివంక చూశాడు. తల దించుకుని 5,096 అని రాశాడు.